పత్మాసు చూసొచ్చినవాళ్ళు

వరహాలమ్మ కాలి కట్టు విప్పేటప్పుడు రూతమ్మ నోటికి ఖాళీ ఇవ్వదు. రోగి ధ్యాస మాటల మీదికి మళ్ళితే నొప్పి సగం తగ్గుతుందని ఆమె నమ్మకం. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక కూడా రాయపూర్ గుఢియారీలో వాళ్ళ సందులో ఎవరికి సూది వేయాలన్నా, ఎవరి కట్టు మార్చాలన్నా ఆమె గుమ్మమే దిక్కు. ఆ గురువారం పొద్దున కూడా గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, కత్తెరా, దూది పట్టే చిమ్టా అందులో వేసి, వరండాలో పీట మీద కూర్చుంది. ఎదురుగా కుర్చీలో వరహాలమ్మ. ఆవిడ కుడికాలు రూతమ్మ ఒళ్ళో పరిచిన తెల్లగుడ్డ మీద ఉంది.

"చూడక్కా, అంచులు ఎర్రబడ్డాయి. కింద నుంచి కొత్త కండ వస్తోంది."

"రాకేటవుద్ది? యోహానుగారి కొండెక్కిన కాలిది. షుగరు సంగతి ఆయనే సూసుకుంతాడు."

పుండు కాలి మడమ వెనక ఉంది. గత నెల సంఘం యాత్రలో, యోహానుగారికి దర్శనం కలిగిన పత్మాసు దీవిలో కొండ ఎక్కుతుంటే కొత్త చెప్పు కొరికి బొబ్బ లేచింది. రాయపూర్ వచ్చేసరికి పగిలింది. ఇంకొకరైతే యాత్రని తిట్టుకునేవారు. వరహాలమ్మ మాత్రం కట్టు మార్చిన ప్రతిసారీ దానికేసి మురిపెంగా చూసుకుంటుంది.

"ఆదివారం సాక్ష్యం నువ్వే సెప్పాల చెల్లీ. నాకు మాట రాదు. ఆ సమాది సంగతి మర్సిపోకు. సెవి పెట్టగానే లోపల్నుంచి టక్‌మని సప్పుడు. పక్కా విన్నాను."

"చెప్తానక్కా."

"ఆ తెల్లగుడి కూడా. ఓడ దిగుతుంటే నీళ్ళ మధ్యలో సిన్న బొమ్మరిల్లులా ఉంది సూడు, అదీ. ఆ గుర్రబ్బళ్ళు, పిస్తా తోటలు..."

"తోటల్లో పిస్తాలు గుత్తులు గుత్తులుగా ఎండబెట్టారు, గుర్తుందా? ఆ ముసలాయన బస్సు ఆపించి దోసెడు పెట్టాడు."

"ఎందుకు గుర్తుండదు? యోహానుగారు కూడా అవే తిని ఉంతారని అన్నాను కదా నేను!"

వరండా మూల బఠానీలు ఒలుస్తూ కూర్చున్న ఆమె భర్త అబ్రహాం చేటలో చెయ్యి ఆపి, తలెత్తకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయాడు. రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో రివెట్లు కొట్టి కొట్టి అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. అందుకే యాత్రకు రాలేకపోయాడు. "నువ్వెళ్ళి నా కళ్ళతో కూడా చూసి రా" అని పంపించాడు. తీరా వచ్చాక ఐగుప్తు గురించి అడిగాడు, యెరూషలేము గురించి అడిగాడు. పత్మాసు మాట వచ్చేసరికి మాత్రం ఏదో పని ఉన్నట్టు లేచి పోతున్నాడు. రాలేకపోయిన బాధ కాబోలని రూతమ్మ సరిపెట్టుకుంది.

దూది మీద మందు వేసి, గాజుగుడ్డ మడిచి పెట్టి, చీలమండ చుట్టూ కట్టు తిప్పింది. చివర్న ముడి కాలికి ఒత్తుకోకుండా పక్కకు వేసింది.

"సెక్రటరీ పాల్ గారు రెండో యాత్రకి కూడా ఆదివారమే పేర్లు రాయించుకుంతారట" అంది వరహాలమ్మ చెప్పులోకి కాలు దూరుస్తూ. "నీ సాక్ష్యం వింటే సంఘమంతా లేచొచ్చేత్తాది."

* * *

మధ్యాహ్నం భోజనాలయ్యాక రూతమ్మ కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆదివారం ఏం చెప్పాలో వరసగా మనసులో పెట్టుకోవాలి. ఏ ఊరి తర్వాత ఏ ఊరు? వాక్యపుస్తకం చివర పటాలున్నాయి కదా అని తీసింది. కైరో నుంచి సీనాయి, అక్కడి నుంచి యెరూషలేము, అక్కడి నుంచి విమానంలో ఏథెన్సు. పొద్దున టిఫిను తిని ఏథెన్సు రేవులో ఓడ ఎక్కారు. ఓడలో కొన్న టీ చల్లారేలోపు దీవి కనిపించింది. గంట, మహా అయితే ఇంకొంచెం.

ఏథెన్సు పక్కన సముద్రంలో వేలు పెట్టి పత్మాసు కోసం వెతికింది. కనిపించలేదు. సన్న అక్షరాలు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. చివరికి దొరికింది. ఏథెన్సు పక్కన కాదు. సముద్రానికి అవతలి గట్టున, ఎఫెసు దగ్గర ఉంది. మధ్యలో ఎన్ని దీవులో, బియ్యంలో రాళ్ళలా చుక్కలు చుక్కలు.

ఓడలో గంట ప్రయాణం ఆ పటం మీద ఆమె గోరంత కూడా లేదు.

రూతమ్మ పుస్తకం మూయలేదు. వేలు అక్కడే పెట్టి కూర్చుంది. ఆ రోజు విన్న మాటలు ఒక్కొక్కటే లేచి వస్తున్నాయి. టిక్కెట్ల దగ్గర మనిషి "ఏయినా, ఏయినా" అని అరిచాడు. బస్సు డ్రైవరూ అదే అన్నాడు. పిస్తాలు పెట్టిన ముసలాయన నేల మీద కాలితో తట్టి మరీ "ఏయినా" అన్నాడు. పత్మాసు కాదా అని ఆమె అడిగితే, వాళ్ళను తిప్పుతున్న నాగపూర్ టూరు మనిషి నవ్వుతూ హిందీలో, "అరే సిస్టర్‌జీ, గ్రీకు భాషలో పత్మాసుని అలాగే అంటారు" అన్నాడు. ఆ సమాధి ఉన్న పెద్ద గుడి ముందు పేరు "నెక్తారియోస్" అని పలికితే, "యోహానుకి వాళ్ళ పేరు అది" అన్నాడు. పాల్ గారు పక్కనే నిలబడి తల ఊపారు. యాత్రకు వెళ్ళిన పన్నెండుమందీ టోపీలు, కొంగులు సర్దుకుని మోకాళ్ళూనారు.

"ఏవండీ!"

అబ్రహాం గుమ్మంలోకి వచ్చాడు. ఆమె వేలు ఎక్కడుందో చూశాడు. అడగలేదు. ఏమిటని కూడా అడగకపోవడంతోనే ఆమెకు అర్థమైపోయింది.

"మీకు తెలుసు."

అతను మంచం అంచున కూర్చుని ఊపిరి అందుకున్నాడు. "నువ్వొచ్చిన రోజే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేశామన్నావు చూడు... ఏథెన్సు నుంచి పత్మాసుకి ఓడలో రాత్రంతా పడుతుందని నేనెప్పుడో చదివాను. నువ్వెళ్ళకముందు అవన్నీ చదువుకునేవాణ్ణి కదా."

"మరి చెప్పలేదే?"

"నీ మొహం అలా వెలిగిపోతుంటే ఎలా చెప్పను? ఛోడో, పోనీలే అనుకున్నాను. సంతోషంగా ఉంది, ఉండనీ అనుకున్నాను."

రూతమ్మ చప్పున లేచి నిలబడింది. ఆస్పత్రిలో డాక్టర్లు తప్పుడు మందు రాసినప్పుడు కూడా ఆమె గొంతు అంత పైకి లేవలేదు.

"అంటే మీరూ అంతేనా? నాగపూర్ వాడికి మేం ఎడ్లం, ఎటు తోలితే అటు పోతాం. పాల్ గారికి మేం చదువురానివాళ్ళం. మీకు నేను చిన్నపిల్లనా? దానికి ఏదో ఒక దీవి, ఏదైనా ఒకటే, సంతోషంగా ఉందిగా అనుకున్నారా? ఇన్నాళ్ళూ నేను వరండాలో కూర్చుని వాగుతుంటే అబద్ధం అని తెలిసి విన్నారా?"

"వినలేకే లేచి పోయాను" అన్నాడు అబ్రహాం నెమ్మదిగా.

ఆ మాట ఆమెను చల్లార్చలేదు. ఆ పూట టీ పెట్టలేదు. అతనే పెట్టుకుని ఆమె గ్లాసు కిటికీలో ఉంచాడు. అది అక్కడే మీగడ కట్టింది.

* * *

శుక్రవారం టెంపో ఎక్కి మోవా వెళ్ళింది. పాల్ గారు వ్యాగన్ల కార్ఖానా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై మోవాలో ఇల్లు కట్టుకున్నారు. సంఘానికి సెక్రటరీ. ముందుగదిలోకి అడుగు పెట్టగానే గోడ మీద ఫోటో కనిపించింది. కొండ మీద రాతి గుడి ముందు పన్నెండుమందీ వరసగా నిలబడ్డారు. రూతమ్మ కూడా ఉంది, నవ్వుతూ. కింద తెల్లరంగుతో రాసి ఉంది: పత్మాసు, 1997.

"రండి సిస్టరమ్మా, సాక్ష్యం తయారైందా?"

"పాల్ గారూ, మనం వెళ్ళింది పత్మాసు కాదు."

ఆయన బుకాయిస్తారని, కోప్పడతారని, కనీసం ఆశ్చర్యం నటిస్తారని అనుకుంటూ దారి పొడుగునా జవాబులు కూడగట్టుకుంది. ఆయన అవేమీ చెయ్యలేదు. లేచి లోపలి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మీరు చదువుకున్నవారు కాబట్టి చెప్తున్నాను. పత్మాసుకి వెళ్ళాలంటే రాత్రంతా ఓడ. తిరుగు ఓడ మనకి కావాల్సిన రోజు లేదు. విమానం తప్పిపోయేది. టూరు మనిషి ఈ ఉపాయం చెప్పాడు. నాకూ సబబే అనిపించింది."

"ఆ మాట మాతో అనొచ్చు కదా?"

"అంటే? సగంమంది ఏడుస్తారు. సగంమంది పోట్లాడతారు. వాళ్ళు కోరుకున్నది ఏమిటి సిస్టరమ్మా? ఒక దీవి, ఒక కొండ, మోకాళ్ళూనడానికి ఒక చోటు. దొరికింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవి నిజం కన్నీళ్ళే కదా?"

"అవి నిజమే" అంది రూతమ్మ. "అందుకే అడుగుతున్నాను."

ఆయన ముఖం కొంచెం మారింది. "ఇంకో సంగతి. వరహాలమ్మ గారి ఆరోగ్యం. షుగరు మనిషి, ఆ కాలితో రాత్రంతా ఓడలో ఎలా? ఆమె కోసం కూడా ఆలోచించాను."

"ఆ కాలికి పుండు పడింది ఆ కొండెక్కాకే! ఓడెక్కేనాటికి ఆమె నాకంటే బాగా నడిచేది."

"సరే సరే. మీరు కోపంలో ఉన్నారు." పాల్ గారు ముందుకు వంగి గొంతు తగ్గించారు. "రెండో యాత్రకి మాకో నర్సు కావాలి. మీరు రండి. మీకు ఏ ఖర్చూ ఉండదు."

"రెండో యాత్ర వాళ్ళని ఏ పత్మాసుకి తీసుకెళ్తారు?"

"ఏర్పాట్లు చూడాలి" అన్నారు, కిటికీలోంచి బిలాస్‌పూర్ రోడ్డు మీద వెళ్తున్న లారీల వైపు చూస్తూ. లోపల్నుంచి ఆయన భార్య టీ, బిస్కట్లు తెచ్చి పెట్టింది. రూతమ్మ కప్పు ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో పక్కన కూరగాయల గంపతో కూర్చున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ, "కాబర్ రోవత్ హస్ దీదీ?" అని అడిగింది. తను ఏడుస్తున్నట్టు అప్పుడే తెలిసింది రూతమ్మకు. దుఃఖం కాదు. ఒళ్ళంతా మండుతుంటే కళ్ళల్లోంచి అలా కారుతోంది.

* * *

శనివారం కట్టు మార్చాల్సిన రోజు. మరిగిన నీళ్ళు, కత్తెర, చిమ్టా, గాజుగుడ్డ అన్నీ ఎప్పటిలాగే వరసగా పెట్టింది. రూతమ్మ నోరు మాత్రం మెదలలేదు. ఆ మౌనానికి వరహాలమ్మ కుర్చీలో ఇబ్బందిగా కదిలింది.

"ఏటయింది చెల్లీ? కాలు సెడిందేటి?"

"కాలు బాగానే ఉందక్కా." పాత కట్టు తీసి పక్కన పెట్టింది. పాల్ గారు కాలి గురించి అన్న మాట చెప్పకూడదని రాత్రే నిర్ణయించుకుంది. మిగతాది చెప్పకుండా ఉండలేకపోయింది. "అక్కా, మనం ఎక్కిన కొండ యోహానుగారిది కాదు. ఆ దీవి పత్మాసు కాదు. మనల్ని మోసం చేశారు. పాల్ గారే ఒప్పుకున్నారు."

వరహాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆవిడ చూపు తర్వాత తన కాలి మీదికి దిగింది. మానుతున్న ఆ ఎర్రటి పుండును ఎవరిదో కాలు చూసినట్టు చూసింది. ఆపైన కాలు లాక్కుంది. తెల్లగుడ్డ కింద పడింది.

"ఎందుకు సెప్పినావు నాకీ మాట?"

"తెలియాలి కదక్కా."

"తెలిసి నానేటి సేసుకోను? నా కూతురు పోయాక ఒక్క నిద్దర సరిగా పోలేదు నాను. ఆ సమాది కాడ సప్పుడు విన్నాక పడుకున్నాను. ఆ ఒక్కటీ కూడా లాక్కుంటావా? నీకు సదువుంది, నువ్ నిలదీసి అడుగుతావు, గోల సేస్తావు. నాకేటుంది?"

"అక్కా, కట్టు..."

"నీ కట్టూ వొద్దు, నువ్వూ వొద్దు." వరహాలమ్మ గిన్నె పక్కనున్న గాజుగుడ్డ గుప్పెట్లో తీసుకుని, వంగి, తనే వంకరటింకరగా కాలికి చుట్టుకుంది. ముడి సరిగ్గా పుండు మీదే పడింది. రూతమ్మ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి ఆగిపోయింది. "రేపు నువ్ గనక నోరిప్పితే నీకూ నాకూ సరి" అని వరహాలమ్మ గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

రూతమ్మ గిన్నెలో నీళ్ళు మొక్కల్లో పారబోసింది. అబ్రహాం లోపల్నుంచి అంతా విన్నాడు.

"రేపు ఊరుకోకూడదూ?" అన్నాడు.

"ఊరుకుంటాను. వచ్చే యేడు ఇంకో పన్నెండుమందిని తీసుకెళ్ళి ఇంకో కొండెక్కిస్తాడు. వాళ్ళ కాళ్ళకీ కట్లు కడతాను. ఊరుకోమంటారా చెప్పండి."

అబ్రహాం బయటికి వచ్చి ఆమె చేతిలోని గిన్నె అందుకున్నాడు. "నేనూ వస్తాను రేపు" అన్నాడు. దుమ్ము పడదని అతను గుడికి రావడం మానేసి చాలా కాలమైంది.

* * *

రైల్వే కాలనీలో గుడి. తెలుగు ఆరాధన హిందీ ఆరాధన అయ్యాక మొదలవుతుంది. ఆ ఆదివారం బెంచీలు నిండిపోయి వెనక చాపలు పరిచారు. యాత్రకు వెళ్ళినవాళ్ళందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి మెడల్లో బంతిపూల దండలు వేశారు. వరహాలమ్మ రూతమ్మ పక్కన కూర్చోకుండా చివరికి జరిగింది. అబ్రహాం వెనక తలుపు దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

పాల్ గారు కోటు వేసుకుని వచ్చారు. "యోహానుగారికి దర్శనం కలిగిన నేల మీద మోకాళ్ళూనివచ్చిన మన సహోదరి" అని చెప్పి, రూతమ్మ ముందుకు వస్తుంటే మైకు ఇస్తూ చిన్నగా, "జాగ్రత్త సిస్టరమ్మా" అన్నారు.

రూతమ్మ మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"మేం పత్మాసు వెళ్ళలేదు" అంది.

ఆ మాట మైకులోంచి గోడలకు తగిలి వచ్చింది. వెనకెక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. తల్లి ఊరుకోబెట్టడం కూడా మరిచిపోయింది.

"మమ్మల్ని తీసుకెళ్ళిన దీవి పేరు ఏయినా. పటంలో ఏజినా అని ఉంటుంది. ఏథెన్సుకి గంట దూరం. పత్మాసుకి రాత్రంతా పడుతుంది. అది పత్మాసు అని మాకు చెప్పారు, మేం నమ్మాం. చెప్పినవాళ్ళకి అది కాదని తెలుసు. తెలిసే చెప్పారు. దీవి బావుంది. నేను దాన్ని చెడ్డగా అనడం లేదు. పిస్తా తోటలున్నాయి. ఎండలో ఎర్రగా మెరుస్తుంటాయి. కొండ మీద దేవదారు చెట్ల మధ్య ఎప్పటిదో పాత గుడి, స్తంభాలే మిగిలాయి. అక్కడ నిలబడితే రెండు వైపులా సముద్రం కనిపిస్తుంది. అంత చక్కటి చోటికి తీసుకెళ్ళి దాని పేరు కూడా మాకు చెప్పలేదు. మేం మోకాళ్ళూనితే చాలు, ఎక్కడ ఊనామో మాకు అక్కర్లేదనుకున్నారు. రెండో యాత్రకి పేర్లిచ్చేవాళ్ళు ఇది విని ఇవ్వండి."

బెంచీల్లో కలకలం మొదలైంది. ముందు వరసలోంచి రత్నం అనే రిటైర్డు గార్డు లేచి, "సిస్టరమ్మా, మతి ఉండే మాట్లాడుతున్నావా?" అని అరిచాడు. అతనూ యాత్రకు వచ్చినవాడే. మెడలో దండ ఊగిపోతోంది.

పాల్ గారు ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నారు. గుంజుకోలేదు. చాలా మర్యాదగా తీసుకున్నారు.

"సంఘమా, ఆవేశపడకండి. సహోదరి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. పత్మాసుకి రాత్రంతా ఓడ ప్రయాణం. మనలో ఒక పెద్దావిడ, వరహాలమ్మ గారు, కాలికి పుండుతో, షుగరుతో బాధపడుతున్నారు. ఆవిడ ప్రాణం మీదికి తేవడం ఇష్టం లేక, ప్రేమతో, మేం దగ్గర దీవికి మార్చుకున్నాం. ఒక్కరి కోసం అందరం త్యాగం చేశాం. ఇది మోసమంటారా, ప్రేమంటారా, మీరే చెప్పండి."

తలలన్నీ వరహాలమ్మ వైపు తిరిగాయి. రత్నం తల కూడా తిరిగింది. ఆ చూపుల్లో ఏముందో రూతమ్మకు కనిపించింది. ఆవిడ వల్ల మన పత్మాసు పోయిందా అన్న ప్రశ్న. రూతమ్మ మైకు కోసం చెయ్యి చాచింది. ఆయన పక్కకు జరిగి పాటగాళ్ళ వైపు చూసి సైగ చేశారు. హార్మోనియం అందుకుంది.

వరహాలమ్మ లేచింది. దండ తీసి బెంచీ మీద పెట్టింది. కుంటుకుంటూ హార్మోనియం దాకా వెళ్ళి, దాని మెట్ల మీద అరచెయ్యి పెట్టి నొక్కేసింది. పది స్వరాలు ఒక్కసారి మూలిగి ఆగిపోయాయి.

"పాట తరవాత" అంది. మైకు అవసరం రాలేదు. "పాల్ బాబూ, నా కాలికి పుండు ఎప్పుడు పడింది?"

"అమ్మా, మీరు కూర్చోండి..."

"ఎప్పుడు పడింది? ఆ కొండెక్కాక పడింది. దిగాక సూపించాను నీకు. నువ్వే అన్నావు, యోహానుగారి గుర్తమ్మా ఇది అని. నేను ఆ మాట గుండెల్లో పెట్టుకుని తిరుగుతన్నాను. ఇయ్యాల పుండు ముందు, ఓడ తరవాత అయిపోయిందా?" ఆవిడ పాల్ గారి వైపు ఒక అడుగు వేసింది. "రాత్రంతా ఓడలో కూసోలేనని నీతో ఎవురు సెప్పారు? నన్నడిగావా? నా కూతురు సావు బతుకుల్లో ఉంటే మూడు రాత్రులు నిలబడ్డాను నాను. మమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్ళి ఇంకెక్కడో అన్నావు. పోన్లే, ఓర్సుకుందును. నిన్న ఈ రూతమ్మ సెప్తే దీన్నే తిట్టాను. ఇప్పుడు ఆ పాపం తెచ్చి నా కాలికి సుడతావా?"

పాల్ గారు ఏదో అనబోయారు. పాస్టరు అయ్యగారు చప్పున లేచి ఆశీర్వాద ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. వరహాలమ్మ మూసుకోలేదు. రూతమ్మా మూసుకోలేదు.

బయట ఎవరూ చేతులు కలపలేదు. రెండో యాత్రకు పేర్లిద్దామని వచ్చినవాళ్ళు చెప్పులు వెతుక్కోవడంలో పడ్డారు. రత్నం రూతమ్మ పక్కనుంచి వెళ్తూ, "చక్కగా ఉన్నవాళ్ళని ఏడిపించావు" అన్నాడు. వరహాలమ్మ గుడి మెట్టు మీద కూర్చుని కాలు చాచింది. నిన్నటి వంకర కట్టు అలాగే ఉంది. ముడి దగ్గర రసి ఊరి మరక కట్టింది.

"ఇప్పు" అంది. "నిన్నంతా సలిపింది."

రూతమ్మ అక్కడే, ఎండలో, జనం చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పింది.

* * *

సోమవారం సాయంత్రం మొదట వచ్చినవాడు రత్నం. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. క్షమించమని అనలేదు. "సిస్టరమ్మా, ఏథెన్సు నుంచి బస్సులో వెళ్ళి చూశామే, ఆ కొరింథు... అదైనా నిజమేనా?" అన్నాడు.

"నిజమే రత్నం గారూ. బోర్డు మీద ఇంగ్లీషులో కూడా ఉంది. నేను చదివాను."

అతను కూర్చున్నాడు. వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. యొర్దాను నదేనా మనం మునిగింది? కానా ఊరు కానాయేనా? రూతమ్మ తెలిసినవి తెలుసంది. తెలియనివి తెలియదంది. ఒకావిడ సీసాలో తెచ్చుకున్న నీళ్ళు మనవరాలి బాప్తిస్మానికి దాచిందట. అవి ఏ నీళ్ళోనని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూస్తుంటే రూతమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఒక్క దీవి దొంగిలించి ఆ మనిషి యాత్రంతా పట్టుకుపోయాడు. వీళ్ళిప్పుడు తాము తొక్కిన ప్రతి రాయినీ అనుమానించుకుంటున్నారు.

"పాల్ రెండో యాత్ర ఆపేశాడంట" అన్నాడు రత్నం. "నాగపూర్‌కి ఫోన్ చేశాడంట."

"ఆపేస్తే సరిపోద్దేటి?" వరహాలమ్మ కుర్చీలోంచి అంది. కొత్త కట్టు తెల్లగా, నున్నగా ఉంది. "రేపు అందరం మోవా ఎల్దాం. ఆ ఫోటో మీద పేరు సెరిపించాల. ఆళ్ళావిడ ముందర, అయ్యగారి ముందర, తెలిసే సేసానని ఆయనే సెప్పాల. రత్నం బాబూ, నువ్వొస్తావా, ఊరికే మీసం తిప్పుతావా?"

"వస్తాను" అన్నాడు రత్నం. ఆడవాళ్ళిద్దరూ కూడా తలలూపారు.

అబ్రహాం లోపల్నుంచి పళ్ళెంలో టీ గ్లాసులు తెచ్చాడు. అందరికీ ఇచ్చాక లోపలికి పోలేదు. పీట లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. గురువారం నుంచి వాళ్ళిద్దరి మధ్యా అవసరానికి మించి మాట లేదు.

"ఆ దీవి గురించి చెప్పు" అన్నాడు. "ఏజినా గురించి."

"అంతా విన్నారుగా."

"అప్పుడు విన్నది పత్మాసు గురించి. ఇది చెప్పు."

రూతమ్మ అతని మొహంలోకి చూసింది. మాట దాటేయడానికి అడిగినట్టు లేదు. టీ గ్లాసు కింద పెట్టింది.

"ఒకటి ఎవరికీ చెప్పలేదు" అంది. "తిరుగు ఓడ కోసం రేవులో ఆగాం. మీరంతా బల్లల మీద కూర్చుని పాటలు పాడుతున్నారు. ఊరికి ఆ చివర గట్టు మీద ఒంటి స్తంభం ఉంది. దాని కింద చిన్న ఒడ్డు. నేను అటు నడిచాను. ఎవరూ లేరు. చెప్పులు విప్పి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగాను. అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చేపపిల్లలు కాళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అని వెళ్ళాను. ఒక అల వచ్చి నడుం దాకా తడిపేసింది."

"అమ్మ నీ! అందుకేనా ఓడలో ఎండకి నిలబడ్డావు? ట్యాపు పగిలి చీర తడిసిందన్నావే!" అంది వరహాలమ్మ.

"నవ్వొచ్చిందక్కా. ఒక్కదాన్నే, గట్టిగా. చిన్నప్పుడు నవ్వానేమో అలా. ఆపుకోలేకపోయాను."

"మరి చెప్పలేదేం?" అన్నాడు రత్నం.

"పత్మాసు కదా. యోహానుగారు బందీగా ఉన్నచోట సముద్రంలో దిగి నవ్వానని ఎలా చెప్పను? రాత్రి హోటల్లో క్షమించమని ప్రార్థన కూడా చేసుకున్నాను."

వరహాలమ్మ ముందు నవ్వింది. కొంగు నోట్లో పెట్టుకున్నావిడ కొంగు తీసి నవ్వింది.

అబ్రహాం నవ్వలేదు. ముందుకు వంగి, వింటున్నాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అన్నాడు.

"దిగేటప్పుడు చల్లగానే ఉన్నాయి" అంది రూతమ్మ. "తర్వాత బయటికి రాబుద్ధి కాలేదు."